పాల వరస

పక్కింటి మగ్దలేనమ్మ ఆ మాట నవ్వుతూనే అంది. అన్నాక ఆడవాళ్ల గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"మళ్ల చెప్పు అక్కా," అంది పెళ్లికూతురి తల్లి రబియా.

మగ్దలేనమ్మ అందరి ముఖాలూ చూసింది. ఎదురుగా, భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ అవతల కూర్చున్న పెళ్లికొడుకు మేనత్త ఖుర్షీద్ బీ, నోటి దాకా తెచ్చిన ముద్దను మెల్లగా పళ్లెంలోకి దించేసింది.

"దేవుని పని చూడుమన్న, అంతే గదా," అంది మగ్దలేనమ్మ. నవ్వు సగంలోనే పోయింది. "ఏ తల్లి పాలు తాగి మన కైనాత్ బతికిందో, ఆ తల్లి ఇంటికే కోడలై పోతున్నదని అన్న. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

రబియా తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

నిఖా అయి ఎంతోసేపు కాలేదు. వీధి అవతల మసీదులో, మధ్యాహ్నం జుహర్ నమాజు కాగానే ఇమాం సాబ్ నిఖా ఖుత్బా చదివారు. కరీంనగర్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు షాబాజ్ అందరి ముందూ ఖుబూల్ అన్నాడు. మసీదు వాకిట్లో ఖర్జూరాలు పంచారు. రబియా పెద్దకూతురు కైనాత్ ఇప్పుడు పక్క గదిలో ఎర్ర దుపట్టా కింద తలవంచుకుని కూర్చుంది. సాయంత్రం అసర్ నమాజు కాగానే పిల్లను కరీంనగర్ బస్సెక్కించాలి.

ఇంతలో ఈ మాట.

ఆ గదిలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఒక్క తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులు. నెత్తుటి వరస ఎంతో పాల వరసా అంతే. వాళ్ల మధ్య నిఖా చెల్లదు. చదువు రాని ముసలమ్మకు కూడా తెలిసిన సంగతి అది. తెలియనిది ఒక్క మగ్దలేనమ్మకే. ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి ఆమె. ఎన్నో ఏళ్లుగా పక్కింట్లో ఉంటున్నా, ఆమెకు ఆ సంగతి చెప్పాల్సిన సందర్భం ఎప్పుడూ రాలేదు.

ఖుర్షీద్ బీ చెయ్యి కడుక్కుని, "నాకేం యాదికి లేదు," అంది. ఎవరూ అడగక ముందే అంది. ముసలామె ఎవర్నో చూసి ఎవరో అనుకుంటోందని, శుభకార్యంలో ఇలాంటి మాటలు తగవని కూడా అంది. కాని లేచి వెళ్లలేదు.

మగ్దలేనమ్మకు అప్పుడు భయం పట్టుకుంది. రబియా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెప్పమంది.

కైనాత్ పుట్టినప్పుడు మగ్దలేనమ్మ మిషన్ దవాఖానాలో ఆయా. కాన్పు కాగానే రబియాకు ఫిట్స్ వచ్చాయి. నాలుగు రోజులు ఒంటి మీద సోయి లేదు. ఆ సంగతి రబియాకు తెలుసు. తెలియనిది తర్వాతది. డబ్బా పాలు చెంచాతో పోస్తే పసిగుడ్డు కక్కేసేది. పెదవులు ఎండి, ఏడుపు కూడా సన్నగిల్లింది. పక్క మంచం మీద నస్పూర్ నుంచి వచ్చిన ఒక తల్లి ఉంది. ఇంకా నడక రాని కొడుక్కి కామెర్లయితే తీసుకొచ్చింది. ఆమె చూసి చూసి, ఆ పిల్లను ఇటు తెమ్మంది.

"నువ్వు కండ్లు తెరిచేటాల్లకు వాళ్లు దవాఖాన ఇడిచి పోయిండ్రు," అంది మగ్దలేనమ్మ. "గీ ఖుర్షీదమ్మ మంచం కాడనే ఉండె. గీ మొఖం నేను మర్వ. ఆ పాలిచ్చిన తల్లి పేరు మాత్రం అడుగలేదు బిడ్డా. దవాఖానల ఎందరో వస్తరు, పోతరు."

రబియాకు ఒకటే గుర్తు. నాలుగో నాడు కళ్లు తెరిస్తే పక్కలో బిడ్డ నిండు కడుపుతో నిద్రపోతోంది. ఏం తాగి బతికిందని ఆమె ఎన్నడూ అడగలేదు. బతికింది, అదే చాలనుకుంది.

లైబా, చిన్న కూతురు, అప్పటికే తండ్రి కోసం పరుగెత్తింది.

*

అక్బర్ వంటపాకలోంచి వచ్చాడు. మగవాళ్లకు వడ్డింపులు చూస్తున్నట్టున్నాడు, షేర్వానీ చేతులు మడిచి ఉన్నాయి. బొగ్గుబావిలో పని చేస్తూనే ఏళ్లుగా మసీదు కమిటీకి పెద్దగా, సదర్‌గా ఉన్న మనిషి. రబియా అతన్ని బియ్యం బస్తాలున్న గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసి సంగతి చెప్పింది.

అతను అంతా విని, "ఎవరెవరు విన్నరు?" అని అడిగాడు.

రబియా బిత్తరపోయి చూసింది. అతను గోడ వైపు తిరిగి మాట్లాడాడు. మగ్దలేనమ్మ పెద్దదైపోయిందనీ, ఎప్పుడో జరిగిన దాన్ని ఎవరికో అంటగడుతోందనీ అన్నాడు. బస్సు వచ్చే వేళయింది. పిల్లను పంపించేద్దాం. తర్వాత నింపాదిగా ఎవరైనా ముఫ్తీని అడుగుదాం. ఇప్పుడు నోరు విప్పితే పిల్ల బతుకే కదా ఆగమయ్యేది.

"పంపినంక అడుగుతరా?" అంది రబియా. "ఇయ్యాల రాత్రి గా పిల్ల ఆ ఇంట్ల ఏమై ఉంటది కైనాత్ అబ్బా? పెండ్లామా, చెల్లెనా?"

అక్బర్ తలుపును ఇంకాస్త దగ్గరగా లాగాడు.

"గొంతు పెంచకు," అన్నాడు. "ఇంటి నిండ మంది ఉన్నరు."

రబియా గొంతు పెంచలేదు. ఇమాం సాబ్‌కు చెబుదామంది. అక్బర్ వద్దన్నాడు. రబియా మళ్లీ అదే మాట అంది. మసీదులో కూర్చుని మాట్లాడితే కాలనీ అంతా తెలుస్తుందని అతను, తెలియకుండా దాస్తే అల్లాకు తెలియదా అని ఆమె. ఇరవై ఏళ్లకు పైగా కాపురంలో భర్త మాటకు ఆమె ఇంతలా అడ్డు తగిలింది లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

"ఎవరింట్ల కయ్యమైనా మసీదుకు రమ్మంటరు మీరు," అంది చివరికి. "అన్నదమ్ముల పంచాది గానీ, తలాక్ గానీ, అన్నీ ఆడనే తేల్చిండ్రు. మన ఇంటి ముచ్చట మాత్రం బియ్యం అర్రల తేల్తదా?"

తలుపు తోసుకుని కైనాత్ లోపలికి వచ్చింది.

ఎర్ర దుపట్టా భుజాల మీదికి జారిపోయి ఉంది. ముఖం మీద పూలజాలరు లేదు, తనే తీసేసుకున్నట్టుంది. స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పే పిల్ల. చిన్నప్పటి నుంచీ ఏ మాటనైనా సాంతం విన్నాకే మాట్లాడేది. ఎంతసేపట్నుంచి తలుపు అవతల ఉందో తెలియదు. పెళ్లి ఖాయం చేసుకుని మంగ్నీ అయినప్పటి నుంచి షాబాజ్‌తో ఫోన్లో మాట్లాడుతూ మిద్దె మెట్ల మీద నవ్వుకునే పిల్ల ఇదేనా అని రబియాకు ఒక్క క్షణం అనుమానమొచ్చింది.

"అమ్మీ, నేను సుత వస్త మసీదుకు," అంది కైనాత్.

ఆడపిల్ల, అందులోనూ పెళ్లికూతురు, అని అక్బర్ ఏదో మొదలుపెట్టాడు. ఆమె తండ్రి వైపు చూడకుండానే చెప్పులు వెతుక్కుంది.

*

ఆ మసీదు బొగ్గుబావి కార్మికులు సెలవు నాళ్లలో ఇటుక మోసి కట్టుకున్నది. రబియా పెళ్లయి ఈ వీధికి వచ్చేనాటికి పైకప్పు రేకులే. తర్వాత స్లాబ్ పడింది, మీనార్ లేచింది. రంజాన్‌లో ఆమె ఇఫ్తారీ గిన్నెలు పంపేది. కాలనీలో ఎవరు చనిపోయినా, ఎవరి బిడ్డ తప్పిపోయినా మైకులో వినేది. పెళ్లిళ్లకు వంట గుండిగలు ఆ వెనకగది నుంచే వచ్చేవి. చనిపోయినవాళ్లను మోసే జనాజా పల్లకీ ఆ గోడకే ఉంటుంది. ఇంత దగ్గరగా ఉన్నా ఆమె ఆ గేటు దాటి ఎన్నడూ లోపలికి పోలేదు. పొమ్మని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. పోయే అలవాటు లేదు, అంతే.

ఈ రోజు మగ్దలేనమ్మను ఒక చేత్తో, కైనాత్‌ను ఒక చేత్తో పట్టుకుని గేటు దాటింది. వజూ నల్లాల దగ్గర కూర్చున్న ముసలాయన కాళ్లు కడుక్కోవడం మానేసి అలా చూస్తుండిపోయాడు.

ఇమాం సాబ్ వయసులో చిన్నవాడు. ఇంకా నిఖా అత్తరు వాసన పోని వరండాలోనే ఉన్నాడు. రబియా చెప్పింది వినగానే అతని ముఖం తెల్లబోయింది. పెళ్లికొడుకునూ వాళ్ల వాళ్లనూ పిలిపించాడు. గేటు దగ్గర గుమిగూడిన వాళ్లను లోపలికి రావద్దన్నాడు.

షాబాజ్ వచ్చాడు. తండ్రి ఫయాజ్ వచ్చాడు. కరీంనగర్‌లో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టించే వ్యాపారం అతనిది, గట్టిగా మాట్లాడే అలవాటు. ఖుర్షీద్ బీ బుర్ఖా కప్పుకుని వచ్చి స్తంభం చాటున నిలబడింది. అక్బర్ అందరికన్నా చివర వచ్చాడు. వచ్చి, సదర్ కూర్చునే చోట కాకుండా చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు.

ముందు గొడవ మగ్దలేనమ్మ గురించే అయింది. కమిటీ పెద్దాయన ఒకరు, ఆమె మన మతం మనిషి కాదు కదా, నిఖా విషయంలో ఆమె గవాయి, ఆమె సాక్ష్యం, ఎలా తీసుకుంటామన్నాడు. ఇమాం సాబ్ ఆయనకు జవాబివ్వకుండా తనే లేచి, లోపలి నుంచి కుర్చీ తెచ్చి వరండా చివర వేశాడు. మగ్దలేనమ్మ చెప్పులు గేటు దగ్గరే వదిలేసి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడింది.

"మీ కితాబుల ఏమున్నదో నాకు తెల్వదు అయ్యా," అంది. "తెలిస్తే ఇయ్యాల నోరు తెరిచేదాన్ని కాదేమో. నా కండ్ల ముంగట అయ్యింది చెప్తున్న. ఎక్కువ చెప్పలే, తక్కువ చెప్పలే."

చెప్పింది. ఎక్కడా మాట మార్చలేదు.

ఫయాజ్ మధ్యలోనే లేచాడు. తమ ఇల్లు అప్పుడు నస్పూర్‌లో ఉండేదనీ, తాను మాత్రం దుబాయిలో ఉన్నాననీ, భార్య దవాఖానాలో ఎవరి పక్కన ఉందో తనకెలా తెలుస్తుందనీ, ఎవరో ఓర్వలేక ఈ ముసలామెను ఎగదోశారనీ అన్నాడు. నిఖా అయిపోయింది. పిల్ల తమ కోడలు. బస్సు వాకిట్లో ఉంది.

షాబాజ్ తల నుంచి పూల సెహ్రా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు. మేనత్త చేతుల మీద పెరిగాడు. అతను మగ్దలేనమ్మ వైపే చూస్తున్నాడు.

"మా అమ్మీని నువ్వు చూసినవా?" అని అడిగాడు.

"చూసిన బిడ్డా. నిన్ను ఒక దిక్కు పండుకోబెట్టుకొని, ఈ పిల్లను ఒక దిక్కు ఏసుకునేది. నీకు కోపమొచ్చి పిల్ల కాలు వట్టి గుంజేటోనివి. ఆమె నవ్వేది. పన్ను మీద పన్ను ఉండె ఆమెకు, నీకున్నట్టే."

షాబాజ్ పెదవులు మూసుకున్నాడు. తర్వాత రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. రబియాకు అర్థమైంది. ఆ పిల్లవాడు నమ్మాడు.

కైనాత్ అతని వైపు చూడలేదు. స్తంభం మీది ఆకుపచ్చ రంగు పెచ్చును గోటితో గీకుతూ నిలబడింది.

ఇమాం సాబ్ నెమ్మదిగా చెప్పాడు. పాల వరస తేల్చడానికి ఇద్దరు మగవాళ్లు గానీ, ఒక మగవాడూ ఇద్దరు ఆడవాళ్లూ గానీ గవాయి ఇవ్వాలి. ఒక్క మనిషి మాట మీద నిఖా రద్దయిందని తాను చెప్పలేడు. అలాగని ఇంత అనుమానం పెట్టుకుని పిల్లను పంపమనీ చెప్పలేడు. పెద్ద ముఫ్తీ జవాబు వచ్చేదాకా ఎవరింట్లో వాళ్లుండటం మంచిదన్నాడు.

ఫయాజ్ ఒప్పుకోలేదు. కోడలు లేకుండా కరీంనగర్‌లో ఏ ముఖంతో దిగాలన్నాడు. గవాయి లేనప్పుడు అనుమానం కూడా లేనట్టే అన్నాడు. కమిటీ పెద్దాయన తలూపాడు. అక్బర్‌ను అడిగారు. సదర్‌గా ఏమంటావన్నారు.

"మౌలానా చెప్పిండ్రు గదా," అన్నాడు అక్బర్. "గవాయి లేంది మనమేం జేస్తం."

రబియా భర్త వైపు చూడలేదు. స్తంభం చాటున ఉన్న ఖుర్షీద్ బీ దగ్గరికి నడిచింది. ఏం మాట్లాడాలో తెలియక ముందు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఖుర్షీద్ ఆపా," అంది. "నేను గవాయి అడుగుతలేను. మీ భాభీ నా బిడ్డను బతికిచ్చిందట. ఇన్నేండ్లు నమాజుల ఎందరి పేరు మీదనో దువా చేసిన, ఆమె పేరు మీద ఒక్కనాడు చెయ్యలే. ఆమె పేరేంది? గంత చెప్పుండ్రి, చాలు."

ఖుర్షీద్ బీ చెయ్యి విడిపించుకోబోయింది. విడిపించుకోలేదు.

"సాబెరా," అంది.

తర్వాత ఆమెకు ఆగలేదు. స్తంభానికి ఒరిగి, బుర్ఖా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. షాబాజ్ లేచి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఫుప్పూ, నిజం చెప్పు," అన్నాడు. అంతే అన్నాడు.

"ముసలామె చెప్పింది నిజమే," అంది ఖుర్షీద్ బీ. "నా చేతులతోటే ఎత్తుకపోయి భాభీ ఒళ్లె పెట్టిన. మూడొద్దులు తాగింది."

ఫయాజ్ చెల్లెల్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, తల్లి పోయాక ఈ పిల్లగాడికి దక్కిన సంతోషం ఇదొక్కటే అనిపించిందని, మాట్లాడని పాపం తన ఒక్కదాని మీదే ఉంటుందిలే అనుకున్నానని చెప్పింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

అయినా ఫయాజ్ ఓడిపోవడానికి సిద్ధంగా లేడు. ఇమాం సాబ్ వైపు తిరిగాడు. "ఇద్దరూ ఆడోళ్లే," అన్నాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు. "మీరే అన్నరు మౌలానా. మొగ గవాయి ఏడి?"

"ఉన్నడు," అంది ఖుర్షీద్ బీ.

ఆమె కళ్లు తుడుచుకుని తలెత్తింది. వరండా దాటి, కుర్చీ దాటి, చెప్పులు విడిచే చోటికి చూసింది.

"ఆ పొద్దు దవాఖానల ఈ పిల్లను నా చేతులల్ల పెట్టి, నా బిడ్డ చచ్చిపోతున్నది ఆపా, ఎట్లన్న జెయ్యుండ్రి అని ఏడ్చింది ఆయననే. మంగ్నీ నాడు నన్ను గుర్తు వట్టింది ఆయననే. సామాను గది కాడ నిలవెట్టి, ఆ ముచ్చట ఎన్నడు తియ్యొద్దు అన్నది గూడ ఆయననే. అడుగుండ్రి మీ సదర్ సాబ్‌ని."

రబియాకు ఆ మాటలు ఒక్కొక్కటిగా వినిపించాయి గాని, కలిపి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మగ్దలేనమ్మ వచ్చి ఆమె నడుం పట్టుకుంది. అప్పుడు గాని తాను కూలబోతున్న సంగతి ఆమెకు తెలియలేదు. అప్పుడు దవాఖానాలో మగవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదనీ, తండ్రిని వరండాలో చూశాను గాని పిల్లను ఎవరికిచ్చాడో తనకు తెలియదనీ మగ్దలేనమ్మ ఏదో చెబుతోంది. రబియా వినడం లేదు.

ఇమాం సాబ్ లేచి నిలబడ్డాడు. "సదర్ సాబ్," అని పిలిచాడు.

అక్బర్ తలెత్తలేదు. షేర్వానీ గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఎన్నో తగువుల్లో, ఇదే వరండాలో, నిజం చెప్పమని ఎదుటివాళ్లను నిలదీసిన మనిషి.

"నిజమే," అన్నాడు.

గేటు అవతల గుమిగూడిన వాళ్లలో కలకలం రేగి అంతలోనే అణిగింది. ఫయాజ్ గోడకు చేరగిలబడ్డాడు. బస్సు డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు, ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకు చేశావని రబియా అడగాలనుకుంది. ఆమె కన్నా ముందు కైనాత్ కదిలింది.

గోటితో గీకుతున్న స్తంభాన్ని వదిలేసి, వరండా మెట్లు దిగి, తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. తండ్రి కన్నా కొంచెం పొట్టి. అతను తలదించుకున్నా ఆమెకు అతని కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"అబ్బా," అంది. ఏడవడం లేదు. "ఇద్దరు గవాయిలను ఎంబడి వెట్టుకొని నా అర్రలకు వచ్చింది నువ్వే. నా ఎదురుంగ కూసొని, బేటీ నీకు మంజూరేనా అని అడిగింది నువ్వే. నేను మంజూర్ అనంగనే నా నెత్తి మీద చెయ్యి వెట్టినవ్."

అక్బర్ పెదవులు కదిలాయి.

"అప్పుడు సుత నీకు తెలుసు," అంది కైనాత్.

మౌజన్ అసర్ అజాన్ ఇవ్వడానికి మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇవ్వాలో వద్దో తెలియక ఇమాం సాబ్ వైపు చూశాడు. ఇమాం సాబ్ తలూపాడు. అజాన్ మొదలైంది. వరండాలో ఉన్న మగవాళ్లు ఒక్కొక్కరే నల్లాల వైపు కదిలారు. మొదటి వరసలో, ఇమాం ఖుత్బా చెప్పే మింబర్ పక్కన, ఏళ్ల తరబడి అక్బర్ నిలబడే చోటు ఖాళీగా ఉంది. అతను లోపలికి పోలేదు. గేటు వైపూ పోలేదు.

"చెప్పు అబ్బా," అంది కైనాత్. "నేను వినే పోత. ఏ కారణం మీద నన్ను నా అన్నకే ఇచ్చి చేసినవో, గీ అల్లా ఇంట్లనే చెప్పు."

అక్బర్ తలెత్తాడు. కాని కూతురి వైపు కాదు, వరండాలో తలవంచుకుని కూర్చున్న షాబాజ్‌ను దాటి, గోడకు చేరగిలబడ్డ ఫయాజ్ వైపు చూశాడు. "ఆ కారణం ఆయనకు సుత తెలుసు బేటీ," అన్నాడు.

"నన్నేం జూస్తున్నవ్ అక్బర్ భాయ్?" అన్నాడు ఫయాజ్. అతని ముఖంలో నెత్తురు లేదు.